చిన్నాయన బ్రేకులు

"అమ్మా, బజ్జీల వాసన!" అని వెనక నుంచి చిన్నోడు అరిచాడు.

నాకూ వచ్చింది. తల బయటికి పెట్టి చూశాను. గుత్తి దాటి చాలాసేపైంది. దోవకు రెండు పక్కలా దున్ని వదిలేసిన ఎర్రచేలు, నల్లరాతి గుండ్లు, అక్కడొకటి ఇక్కడొకటి తుమ్మచెట్లు. ఇల్లు లేదు, టీ అంగడి లేదు. అంత బయలులో బజ్జీలు వేసేదెవరు? ఎదురుగా రైలు గేటు తెరిచి ఉంది. చిన్నాయనను అడుగుదామని ఇటు తిరిగాను. పొద్దున కారెక్కినప్పటి నుంచి నోరు మూయని మనిషి, మాట మధ్యలో ఆపేశాడు. యాక్సిలేటరును అడుగుకంటా తొక్కుతున్నాడు. కారు మాత్రం ఎవరో వెనక నుంచి పట్టి గుంజుతున్నట్టు నెమ్మదిస్తోంది.

చిన్నాయన మాట్లాడకుండా ఉండటం నాకు బుద్ధి తెలిశాక ఎప్పుడూ చూడలేదు.

ఆ చిన్నాయన పోయి నెల దాటింది. ఈరోజు సాయంత్రం కాస్త మబ్బు పట్టిందని పిల్లలు బజ్జీలు కావాలని పేచీ పెట్టారు. బాణలిలో నూనె కాగి వాసన లేవగానే చిన్నోడు "తాత కారు వాసన" అని పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేదు, బజ్జీలు వేస్తూ పోయాను. ఇప్పుడు వాళ్ళు నిద్రపోయారు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పుకోవాలంటారు. చిన్నాయన విషయంలో అది అంత సులువైన పని కాదు. బతికినన్నాళ్ళూ ఆయన నన్ను అంతగా విసిగించాడు. పోయాక కూడా పొయ్యి దగ్గర వదలడం లేదు.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. గుంతకల్లులో రైలింజను డ్రైవరుగా చేసి రిటైరైనాడు. పిల్లలు లేరు. నేను పెళ్ళై ఆ ఊరికే కాపురానికి రావడంతో నన్ను చూసుకునే భారం తనదే అనుకున్నాడు. చూసుకోవడమంటే ఆయన లెక్కలో, పొద్దున్నే వచ్చి మా ఇంట్లో ఏవేవి బాగలేవో చెప్పి పోవడం. నన్ను విసిగించినవి మూడు. మొదటిది చేతిలో ఎప్పుడూ ఉండే చిన్న సుత్తి. స్టేషనులో రైలు ఆగినప్పుడు చక్రాన్ని సుత్తితో కొట్టి, చప్పుడును బట్టి బాగుందో పగిలిందో చెప్తారు కదా, ఆ అలవాటు ఆయన ఇంటికి తెచ్చుకున్నాడు. వాకిలిని కొట్టేవాడు. ఉయ్యాల గొలుసును కొట్టేవాడు. ఒకసారి మా వంటింట్లో నీళ్ళ బానను టంగుమనిపించి, చెవి ఒగ్గి విని, "ఈ బాన ఎక్కువ దినాలు ఉండదమ్మీ" అన్నాడు. ఆ బాన ఆ రోజే పగిలింది, ఆయన కొట్టిన చోటే. "చెప్పినా కదా!" అన్నాడు, గెలిచినట్టు.

రెండోది శెనగనూనె. చిన్నమ్మ పుట్టిల్లు యాడికి. ఆమె అన్నదమ్ములకు వేరుశెనగ చేలు, ఇంటి గానుగ. ఏటా డబ్బాలకు డబ్బాలు నూనె పంపేవాళ్ళు. ఆ నూనెకు లొంగని జబ్బు గానీ, వస్తువు గానీ ఈ లోకంలో లేదని చిన్నాయన నమ్మకం. మోకాలి నొప్పికి అదే, తలుపు కీలుకు అదే, చిన్నమ్మ కుట్టుమిషనుకు అదే. మా పెద్దపిల్ల సుగుణ పుట్టినప్పుడు చూడటానికి ఆస్పత్రికి సీసాతో వచ్చాడు. "కూరలో ఒక చుక్క ఎక్కువ పోస్తే మాత్రం అరుస్తాడు, మిగతా అన్నిట్లో ధారగా పోస్తాడు" అనేది చిన్నమ్మ.

ఇక మూడోది ఆ కారు.

దొరలు దేశం విడిచి పోయేటప్పుడు, రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసిన ఒక దొర దాన్ని చిన్నాయనకు వదిలిపోయాడట. ఆకుపచ్చ కారు. ముందు భాగం మొసలి మూతిలా పొడుగ్గా ఉండేది. మూత ఎగిరిపోకుండా దాన్ని తోలుబెల్టుతో కట్టేవారు. లోపల ఇద్దరికే చోటు. వెనక మూత ఎత్తితే డిక్కీ సీటు, అందులో ఇంకో ఇద్దరు ఎండకు ఎండుతూ కూర్చోవచ్చు. దొర దాన్ని మద్రాసులో పందేల్లో తోలేవాడట. ఇంజను గొప్పదే, నేనెందుకు కాదంటాను. ఎక్కి కూర్చుంటే గుండె అదిరేది. ఆపడం దగ్గరే ఉంది తంటా. ఆ కారుకు తీగల బ్రేకులు. పెడలు తొక్కితే నాలుగు తీగలు పోయి నాలుగు చక్రాలను పట్టాలి. ఏళ్ళ తరబడి లాగీలాగీ ఒక తీగ సాగింది, ఒకటి బిగిసింది. ఒక చక్రం పట్టేది, మిగతావి ఆలోచించేవి.

ఇది నాకు తెలిసింది గుత్తి దగ్గర పల్లంలో. సుగుణ అప్పటికి చంకలో పిల్ల. ఎదురుగా వేరుశెనగ కట్టె వేసుకున్న ఎద్దులబండి అడ్డంగా వస్తోంది. చిన్నాయన తీరిగ్గా వర్ణిస్తున్నాడు. "చూడమ్మీ, తోలేవాడు నిద్రపోతాండాడు. ఎద్దులకు ఉన్న తెలివి వానికి లేదు. అదిగో, ఎడమెద్దు మనల్ని చూసింది." ఎడమెద్దు మనల్ని చూడటం కాదు, మనం ఆగాలి కదా! ఆయన బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు, మూతి ఎడమకు తిప్పింది. దోవ పక్కన పోసిన కంకర కుప్పలోకి దూసుకుపోయి, బానెట్టు దాకా కూరుకుని ఆగింది. నేను బిడ్డను పొట్టకు అదుముకుని కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి చిన్నాయన బండివాడిని తిడుతున్నాడు.

"చిన్నాయనా, నీ కారుకు బ్రేకు లేదు" అన్నాను.

"ఎందుకు లేదు? ఆగింది కదా!"

"ఆపింది కంకర కుప్ప. నీ బ్రేకు కాదు."

"ఏదో ఒకటి ఆపింది కదమ్మీ. బి.ఏ. చదివిన పిల్లవు, ఇంత పిరికిదానివైతే ఎట్లా?"

"బి.ఏ.లో ఇది చెప్పలేదు. ఇంక నా బిడ్డలు నీ కారెక్కరు. ఇది ఆగేది నేను కళ్ళారా చూసినంతవరకూ ఎక్కరు."

ఆయన నవ్వాడు. రెండు రోజులు పోయాక మా ఇంటికి వచ్చి, పిల్లను ఎత్తుకుని, కారు దాకా తీసుకుపోతే నేను వెనకే పోయి లాక్కొచ్చాను. అప్పుడు నవ్వలేదు. ఆడపిల్ల తన కారును కాదన్నదని ఆయనకు రోషం పుట్టింది. రోషం పుడితే మంచిదే అనుకున్నాను. ఆ రోషంతో మేమందరం ఏళ్ళ తరబడి వేగుతామని నాకేం తెలుసు?

తీగలు మారిస్తే చాలదని ఆయనే తేల్చుకున్నాడు. "ఇదంతా పాత కాలం పద్ధతి. దీనికి ఆయిల్ బ్రేకు పెడతా" అన్నాడు. బళ్ళారిలో లారీ షెడ్డు నడిపే ఒక సాయిబు ఉండేవాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు పారేసిన జీపుల సామాను ఆయన షెడ్డులో గుట్టలుగా పడి ఉండేది. చిన్నాయన ఒక జీపు బ్రేకులన్నీ విప్పించుకుని గోనెసంచిలో వేసుకుని రైలెక్కాడు. జీపు బ్రేకు ఈ కారుకు ఎట్లా అతుకుతుంది? అతకలేదు. బ్రేకు డ్రమ్ములు పెద్దవైతే లేతు మిషను మీద తరిగించాడు. బోల్టు రంధ్రాలు కలవకపోతే కొత్తవి కొట్టించాడు. ఆ పని ఒక ఎండాకాలం మొదలై, నాలుగైదు ఎండాకాలాలు నడిచింది. ఈలోగా చిన్నోడు పుట్టాడు. పిల్లవాడికి పేరు పెట్టే రోజు మా వాకిట్లోనే కూర్చుని బ్రేకు లైనింగులకు రివిట్లు కొట్టాడు. పేరు పిల్లవాడి చెవిలో చెప్పేటప్పుడు ఆ సుత్తి చప్పుడుకు మా అత్తగారికే వినపడలేదు. ఆమె ఇప్పటికీ ఆ మాట అంటుంది.

పైపులన్నీ బిగించాక, నూనె పోసి, లోపల చిక్కిన గాలి తీయాలి. గాలి ఉంటే పెడలు మెత్తగా దిగబడి బ్రేకు పట్టదు. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు కారు కింద పడుకుని చక్రం వెనక చిన్న స్క్రూ వదులు చేయాలి, ఇంకొకరు పైన కూర్చుని పెడలు తొక్కాలి. కింద పడుకునేది చిన్నాయన. పైన తొక్కేది ఎవరు? ఎవరు దొరికితే వాళ్ళు. ఆ రోజుల్లో చిన్నాయన ఇంటికి పోయినవాళ్ళెవరూ బ్రేకు తొక్కకుండా తిరిగి రాలేదు. పాలు పోసే మనిషి తొక్కింది. పెళ్ళిపిలుపుకు వచ్చినవాళ్ళు కుంకుమ పళ్ళెం చిన్నమ్మకు ఇచ్చి తొక్కారు. వ్రతానికి రోజు పెట్టడానికి వచ్చిన అయ్యవారు పంచె ఎగ్గట్టి స్టీరింగు ముందు కూర్చుంటే, కారు కింద నుంచి చిన్నాయన గొంతు:

"అయ్యవారూ, తొక్కండి! పట్టండి! ఇడవండి!"

"ఎంతసేపప్పా ఇది? నాకు ఇంకా రెండిళ్ళు ఉండాయి."

"గాలి పోవాల కదా స్వామీ! తొక్కండి!"

"గాలి పోయేదేమో గానీ నా ప్రాణం పోయేట్టుండాది."

నేనూ తొక్కాను. ఒక చేత్తో చిన్నోడిని పట్టుకుని, ఇంకో చేత్తో స్టీరింగు పట్టుకుని తొక్కాను. "తొక్కు! పట్టు! ఇడువు!" అని కింద నుంచి అరుపులు. ఒకసారి పట్టమన్నప్పుడు వదిలేశాను. బుడగలతో నూనె ఆయన మొహం మీద చిమ్మింది. "కాలేజీలో ఇదేనా నేర్పింది?" అన్నాడు, తుడుచుకోకుండానే.

ఆ నూనె సంగతి చెప్పాలి. బ్రేకుల్లో పోసే నూనె అప్పట్లో మా ఊళ్ళో దొరికేది కాదు. ఆముదంలో స్పిరిటు కలిపి పోయమని బళ్ళారి సాయిబు చెప్పాడు. చెప్పేటప్పుడు నేనూ చిన్నమ్మా అక్కడే ఉన్నాము, ఆయన ఏదో పెళ్ళికి గుంతకల్లు వచ్చి చిన్నాయన వాళ్ళింట్లో భోంచేస్తున్నాడు.

"ఇది గట్టిగా గుర్తుపెట్టుకో అన్నా. ఆముదం తప్ప ఇంకో నూనె చుక్క పడకూడదు. లోపలుండేది రబ్బరు. వేరే నూనె తగిలితే ఉబ్బుతాది. ఉబ్బితే బ్రేకు పట్టినది పట్టినట్టే ఉంటాది, ఇడవదు."

"నాకు చెప్తావా? ఇంజను తోలినోడిని."

"అందుకే రెండు మార్లు చెప్తాండా" అన్నాడు సాయిబు, చారు పోయించుకుంటూ.

మా ఇంట్లో ఆముదం, వాళ్ళింట్లో ఆముదం, పక్కిళ్ళలో ఆముదం అంతా కారు తాగింది. నెలకొకసారి పిల్లలకు కడుపు శుభ్రానికి ఆముదం పట్టే రోజు వస్తే సీసా ఖాళీగా ఉండేది. మా పిల్లలకు ఆ కారంటే అంత ప్రేమ ఎందుకు పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

చివరికి, చిన్నోడికి మూడేళ్ళు దాటాక, ఒక పొద్దున చిన్నాయన వీధిలో సున్నంతో అడ్డగీత గీశాడు. వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. నన్ను గీత పక్కన నిలబెట్టాడు. వీధి చివరి నుంచి కారు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. ఆగింది. ఏ పక్కకూ మూతి తిప్పకుండా, నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టి, గీతకు జానెడు ఇవతల ఆగింది. చిన్నాయన దిగాడు. గీతకూ చక్రానికీ మధ్య జాన పెట్టి కొలిచి, నావైపు చూశాడు. మళ్ళీ పోయి మళ్ళీ వచ్చి ఆగాడు. నేను చాలని చెప్పేదాకా ఆపడం ఆపలేదు.

మాటంటే మాటే కదా. యాడికిలో చిన్నమ్మ అన్న ఇంట్లో కూతురి సీమంతం. చిన్నమ్మ రెండు రోజుల ముందే బస్సులో పోయింది. మేము కారులో పోవాలని తీర్మానమైంది. మా ఆయన, రైల్వే ఆఫీసులో గుమాస్తా, సెలవు దొరకదని ఆగిపోయారు. పిల్లలిద్దరూ డిక్కీ సీటులో, ఎండకు నా పాత చీర నెత్తిన చుట్టుకుని కూర్చున్నారు. బయల్దేరే ముందు చిన్నాయన చక్రాలన్నీ సుత్తితో కొట్టి విన్నాడు. గుత్తి పల్లంలో అడక్కుండానే ఆపి చూపించాడు. "ఏమ్మీ, ఇప్పుడేమంటావు? ఈసారి కంకర కుప్ప లేదు చూడు" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. దారి పొడవునా ఆ మాట మీదే సాగదీశాడు.

ఆ తరువాతే బజ్జీల వాసన.

కారు ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ గేటులోకి వచ్చింది. ముందు చక్రాలు మొదటి పట్టా దాటాయి, ఇంజను ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టి చచ్చిపోయింది. పట్టాల మధ్య నిలబడిపోయాము. చక్రాల దగ్గర నుంచి పొగ లేస్తోంది.

"పిల్లలు" అన్నాడు చిన్నాయన. అంత మెల్లగా మాట్లాడగలడని నాకు తెలియదు.

నేను తలుపు గడి తీసేలోపే ఆయన దిగి వెనక్కి పోయాడు. ఇద్దరినీ చెరో చంకలో వేసుకుని, గేటు దాటి పరుగెత్తి, దూరంగా ఒక తుమ్మచెట్టు కింద దింపాడు. నేను వెనక పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ పడ్డాయో తెలీదు. ఆయన పిల్లలను దింపాక కూడా వాళ్ళ భుజాలు వదల్లేదు కాసేపు. తరువాత నా చేతిలో వాళ్ళ చేతులు పెట్టి, మళ్ళీ గేటు వైపు పోయాడు.

గేటు మనిషి గుడిసెలోంచి వచ్చి నోరు తెరిచాడు. "ఏమప్పా, ఈడ పెట్టినావు కారు?"

"పెట్టలేదప్పా, పట్టేసింది! బ్రేకు పట్టేసింది!"

"గూడ్సు వచ్చే టైమన్నా!"

"నాకు చెప్తావా? జెండా తీసుకోని లైను పొడుగునా పరిగెత్తు. పో!"

అతను ఎర్రజెండా చంకన పెట్టుకుని పట్టాల మీద పడి పరుగెత్తాడు. దగ్గర్లో గొర్రెలు మేపుకునేవాళ్ళు ఇద్దరు వచ్చి కారును తోశారు. అంగుళం కదల్లేదు. "ఇది కారా, బండరాయా అన్నా?" అన్నాడొకడు. చిన్నాయన పానా పట్టుకుని కారు కిందికి దూరాడు. పట్టాల మీద ఆయన పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషికి కారు కావాలా, ప్రాణం కావాలా? పిల్లలను రెండు చేతులతో పట్టుకుని, చెట్టు దగ్గర నుంచే గొంతు చించుకున్నాను.

"చిన్నాయనా, బయటికి రా! కారు పోతే పోనీ!"

"వస్తా, ఉండు!"

"ఎప్పుడు వస్తావు? రైలొచ్చినాకనా?"

"కారుండేది లైను మీద! గూడ్సు దీన్ని గుద్దితే పట్టా తప్పుతాది. ఇంజనులో మనుషులుండారు కదమ్మీ! నోరు మూసుకోని పిల్లల్ని పట్టుకో!"

నన్ను నోరు మూసుకోమన్నాడు. ఆయన మళ్ళీ అరుస్తున్నాడు అనుకునేసరికి నాకు కొంచెం ఊపిరి వచ్చింది. ఇంజనులో మనుషులు. అది నాకు తట్టలేదు.

చక్రం వెనక స్క్రూ కాలిపోతున్నట్టుంది. "అమ్మా!" అని ఒక కేక, తరువాత ఒక తిట్టు. ఆ తిట్టు మా చిన్నోడు ఇప్పటికీ వాడతాడు. ఆ వెంటనే కారు కింద నుంచి సుర్రుమని నూనె చిమ్మింది. గొర్రెలవాళ్ళు పడిపోబోయి తమాయించుకున్నారు, కారు కదిలింది మరి. "తొయ్యండి, తొయ్యండి!" అంటూ చిన్నాయన పక్కకు దొర్లి లేచి తానూ భుజం పెట్టాడు. గేటు దాటించి, దోవ పక్కన చేనులోకి తోసేశారు. ఆపడానికి ఇప్పుడు బ్రేకు లేదు, దున్నిన చాళ్ళలో దానికదే ఆగింది.

కాసేపటికి గూడ్సు, జెండా దగ్గర ఆగి, నెమ్మదిగా పాకుతూ గేటు దగ్గరికి వచ్చింది. ఇంజనులోంచి డ్రైవరు తల బయట పెట్టాడు. ఒకప్పుడు చిన్నాయన దగ్గర బొగ్గు వేసిన మనిషేనట.

"ఏమన్నా! రిటైరైన నాడు దండేసి పంపిస్తిమే, మళ్ళా లైను మీదికే వచ్చినావా?"

చిన్నాయన చెయ్యి ఊపాడు, పొమ్మన్నట్టు.

"ఈడెవరప్పా బజ్జీలేసేది?" అని ముక్కు ఎగబీల్చుకుంటూ పోయాడు డ్రైవరు.

రైలు పోయింది. చిన్నాయన మొహం నిండా, చొక్కా నిండా నూనె. ఒక అరచెయ్యి కాలి బొబ్బలెక్కింది. నేను దగ్గరికి పోయి చొక్కా మీది నూనె వేలితో అద్ది వాసన చూశాను. ఆడదాన్ని, వంట చేసేదాన్ని, నాకు తెలియదా?

"చిన్నాయనా, ఇది ఆముదమేనా?"

ఆయన రైలు పోయిన వైపు చూస్తున్నాడు. "మొన్న చూస్తే కొంచెం తగ్గింది. ఆముదం యాడా దొరకలేదు."

"దొరక్కపోతే?"

"కొంచెమే పోసినా."

"ఏం కొంచెమే పోసినావు?"

"శెనగనూనె" అన్నాడు. తరువాత, అదేదో తన తరఫున వాదన అయినట్టు, "మంచిదేనమ్మీ. ఈ ఏటి నూనె. కల్తీ లేదు" అన్నాడు.

ఆ మనిషిని ఏమనాలి? సాయిబు రెండు మార్లు చెప్పాడు. కుట్టుమిషనుకు పోసినట్టు, మోకాలికి రాసినట్టు పోశాడు. అన్నింటికీ పనిచేసింది దీనికి మాత్రం ఎందుకు పనిచేయదని. లోపల రబ్బరు ఉబ్బి, పట్టిన బ్రేకు వదలక, చక్రాలు కాగి, కారిన నూనె వాటి మీద పడి వేగింది. ఆగని కారును ఆగేట్టు చేయమన్నాను. చేశాడు. ఆగాల్సిన చోట మాత్రం కాదు.

కారును ఎద్దులతో గేటు గుడిసె దాకా లాగించి అక్కడే వదిలేశాము. సీమంతానికి పోలేదు. వచ్చే బస్సెక్కి గుంతకల్లు చేరాము. బస్సులో చిన్నాయన మా వెనక సీటులో కూర్చున్నాడు. నేను తిరిగి చూడలేదు.

మా ఆయన నెమ్మదస్తులు. అంతా విని, పిల్లలిద్దరి కాళ్ళూ చేతులూ తడిమి చూసి, "ఇంక చాలు. మీ చిన్నాయనకు నేనే చెప్తాను, పిల్లల జోలికి రావద్దని" అన్నారు. ఆయన నోటి నుంచి అంత గట్టి మాట నేను అంతకుముందు వినలేదు. కాదనడానికి నా దగ్గర ఏముంది? కంకర కుప్ప నాడు నేను అన్నది అదే కదా. కానీ పిల్లలు లేని ఆ మనిషికి పొద్దున్నే ఎత్తుకోవడానికి వీళ్ళిద్దరే. ఆ సంగతి మా ఆయనకూ తెలుసు.

తెల్లారి తలుపు తీసేసరికి చిన్నాయన అరుగు మీద ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. చేతికి గుడ్డ కట్టుకున్నాడు. రోజూ వాకిలి తోసుకుని వంటింటి దాకా వచ్చే మనిషి, వీధి వైపు తిరిగి కూర్చుని, రమ్మని ఎవరైనా అంటారేమోనని ఉన్నాడు. మా ఆయన ఆయన పక్కనుంచే ఆఫీసుకు పోయారు. తిట్టలేదు, పలకరించలేదు. చెప్తానన్నది చెప్పలేదు కూడా. నాకు వదిలేసి పోయారన్నమాట.

పిల్లలు పళ్ళు తోముకుని వంటింట్లోకి వచ్చారు. సుగుణ కిటికీలోంచి అరుగు వైపు చూసి, నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"అమ్మా, నిన్న తాత నన్ను ఎత్తుకున్నప్పుడు చేతులు ఎట్లా వణికినాయో తెలుసా? తాత భయపడినాడా?"

గుసగుసే గానీ ఆ పిల్ల గుసగుస వీధి చివరికి వినబడుతుంది. అరుగు మీద ఆయన వీపు కదల్లేదు. లేదమ్మా, తాతకు భయమేంటి అనేసి ఉండొచ్చు. ఆయన పరువు నిలబడేది. కానీ నాకు అప్పటికి ఆయన పరువు మీద అంత దయ లేదు. మెల్లగా చెప్పాల్సిన పనీ కనిపించలేదు.

"అవును, భయపడినాడు. చానా భయపడినాడు" అన్నాను. "అందుకే ముందు మిమ్మల్ని ఎత్తుకోని పరిగెత్తినాడు. ఇద్దరూ బాగా వినండి. తాత కారెక్కమంటే ఎక్కద్దండి. ఎంత బతిమాలినా, బ్రేకు చేసినానని ఒట్టేసినా ఎక్కద్దండి. తాత ఎత్తుకుంటానంటే మాత్రం పోండి."